గెలిస్తే ఎంతిస్తరు?

పోయిన జూన్‌లో ఒక ఆదివారం పొద్దున కరీంనగర్‌కు ఫోను చేసి, వచ్చేవారం సైకిలు పందెంలో తొక్కబోతున్నానని బాపుతో చెప్పాను. నాకు నలభై నాలుగేళ్ళు. పగలంతా కంప్యూటరు ముందు కూర్చుని ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతికే ఉద్యోగం. నడుం నొప్పి, మోకాలి నొప్పి రెండూ ఉన్నాయి. బాపు ఈ సంగతులేవీ ఎత్తలేదు. కొంచెంసేపు ఆగి అడిగిన మొదటి మాట ఇది:

"గెలిస్తే ఎంతిస్తర్రా?"

"ఏమియ్యరు బాపు. మెడల ఒక బిళ్ళ ఏస్తరు. మనమే యాభై డాలర్లు కట్టాలె."

"మనమే కట్టుడేంది? సైకిలు మనదేనాయె, తొక్కేది మనమేనాయె, పైసలు సుత మనమేనా?"

నా దగ్గర జవాబు లేదు. "ఇది సరదాకు బాపు" అని ఏదో గొణిగి ఫోను పెట్టేశాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. తరువాత కొన్ని రాత్రులు పుస్తకాలు తిరగేస్తే తెలిసిందేమిటంటే, మా బాపు అడిగిన ప్రశ్న మీద ఇంగ్లండులోనూ ఇక్కడా నూటయాభై ఏళ్ళుగా తగవు నడుస్తోంది. ఆ తగవు కథే ఈ వ్యాసం.

ముందు బాపు సంగతి చెప్పాలి. ఆయన మా మండలంలో ఇరవై ఎనిమిదేళ్ళు ఉత్తరాలు బట్వాడా చేశాడు. అందరూ "పోస్టుమాను" అనేవారు కానీ ఆయన ఉద్యోగం పేరు అది కాదు. "ఈడీ" అంటే ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్. అదేమిటో తరువాత చెప్తాను. నల్ల హెర్క్యులెస్ సైకిలు, కడ్డీ బ్రేకులు, హ్యాండిలుకు ఖాకీ సంచి. రోజూ నాలుగు ఊళ్ళు. మా వైపు మగవాళ్ళు సగం మంది దుబాయిలోనో భివండి మగ్గాల దగ్గరో ఉండేవారు కనుక, బాపు సంచిలో ఉత్తరాలు, మనియార్డర్లు ఎప్పుడూ నిండుగా ఉండేవి. చదువు రాని ఇళ్ళల్లో ఉత్తరం చదివి పెట్టి, జవాబు రాసిపెట్టి మరీ కదిలేవాడు. వానాకాలంలో చెరువు కట్ట తెగితే పొలం గట్ల మీద సైకిలు తొక్కేవాడు, గట్టు కూడా తెగితే సైకిలును భుజాన వేసుకుని వాగు దాటేవాడు. ఇప్పుడు నేను నా సైకిలును భుజాన వేసుకుని దుంగలు దాటడం నేర్చుకోవడానికి యూట్యూబు చూశాను.

మా లండన్ అంటే రాణిగారి లండన్ కాదు. కెనడాలో ఆంటేరియో రాష్ట్రంలో, టొరంటోకు పడమరగా కారులో రెండు గంటల దూరంలో ఉంటుంది. పేరు పెట్టినవాళ్ళు నదికి కూడా థేమ్స్ అనే పేరు పెట్టుకున్నారు. హిమానీనదాలు చదును చేసి వదిలిన నేల, కనుక కొండలు వెతుక్కోవాలి. ఊరికి పడమర చివర బైరన్‌లో ఒక గుట్ట ఉంది. చలికాలం దానిమీద స్కీయింగు, ఎండాకాలం కొండ సైకిళ్ళు. దానికి బోలర్ మౌంటెన్ అని పేరు. మన వైపైతే దాన్ని ఎవరూ పర్వతం అనరు, కానీ ఎక్కేటప్పుడు పేరు పెట్టినవాడు సరిగ్గానే పెట్టాడనిపిస్తుంది. ఊరికి ఈశాన్యాన ఫాన్షా చెరువు ఉంది. 1937 ఏప్రిల్‌లో థేమ్స్ పొంగి ఊరు మునిగింది. ఆ అనుభవంతో కట్టిన ఆనకట్ట 1952లో పూర్తయింది. ఆ ఆనకట్ట వెనక చేరిన నీటి చుట్టూ ఉన్న అడవిలో నేను సైకిలు నేర్చుకున్నాను. మళ్ళీ నేర్చుకున్నాను అనాలి. మొదటిసారి నేర్చుకున్నది బాపు సైకిలు మీదే, సీటు అందక, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, కైంచీ తొక్కి.

ఈ ఊరికీ సైకిలుకూ పాత చుట్టరికం ఉంది. 1882లో ఈ నైరుతి ఆంటేరియో సైకిలు క్లబ్బుల వాళ్ళు ముందు నిలబడి కెనేడియన్ వీల్‌మెన్స్ అసోసియేషన్ అనే సంఘం పెట్టారు. నేటి కెనడా జాతీయ సైకిలు సంఘానికి మూలపురుషుడు అదే. ఆ సంఘం పత్రిక "ది కెనేడియన్ వీల్‌మాన్" 1883 నుంచి మా లండన్‌లో అచ్చయింది. అప్పటి సైకిలు అంటే ముందు మనిషెత్తు చక్రం, వెనక పళ్ళెమంత చక్రం. అమెరికాలో అమ్మిన కొలంబియా సైకిలు ధర వంద డాలర్లకు అటూ ఇటూ. రోజు కూలి డాలరో డాలరున్నరో ఉన్న కాలంలో అది ఎవరు కొంటారు? డాక్టర్లు, వకీళ్ళు, బ్యాంకు గుమాస్తాలు, షాపుల యజమానుల కొడుకులు. వీళ్ళు టోపీలు, బిగుతు కోట్లు వేసుకుని బారుగా ఊరి బయటికి వెళ్ళి, మట్టి రోడ్డు గుంటల్లో ముందుకు బోర్లా పడి వచ్చేవాళ్ళు.

ఆ సంఘం స్థాపకుల్లో ఒకాయన పెర్రీ డూలిటిల్. మా పక్క ఎల్గిన్ కౌంటీలో 1861లో పుట్టాడు. డాక్టరు. సైకిలు పందేల్లో బోలెడు బహుమతులు గెలిచాడు, సంఘానికి అధ్యక్షుడూ అయ్యాడు. సైకిలు మీద పడీ పడీ రోడ్ల సంగతి తెలుసుకున్నవాడు కనుక, కార్లు వచ్చాక మంచి రోడ్ల కోసం జీవితమంతా పోరాడాడు. 1925లో హాలిఫాక్స్ నుంచి వాంకూవరు దాకా ఫోర్డు మోడల్ టీ కారులో వెళ్ళాడు. రోడ్డు లేనిచోట కారుకు రైలు చక్రాలు బిగించి పట్టాల మీద నడిపించాడు. కెనడా అడ్డరోడ్డుకు తండ్రి అని ఈయనకే పేరు. మనం వారాంతాల్లో పిల్లల్ని ఎక్కించుకుని నాలుగు వందల సిరీసు హైవేల మీద పోతున్నామంటే ఆ పుణ్యంలో సైకిలు వాళ్ళ వాటా కొంత ఉంది. ఇంత కష్టపడి వాళ్ళు రోడ్లు వేయిస్తే, నూరేళ్ళ తరువాత మేము డబ్బు కట్టి మరీ బురదలోకి దిగుతున్నాం!

ఇక అసలు తగవు. పందెం కాసేవాళ్ళలో "అమెచ్యూర్" ఎవరు? ఫ్రెంచి నుంచి వచ్చిన మాట, ప్రేమించేవాడని అర్థం. ఆటను ప్రేమతో ఆడేవాడు, డబ్బు కోసం కాదు. వినడానికి బాగుంది. కానీ ఇంగ్లండులో 1866లో పుట్టిన అమెచ్యూర్ అథ్లెటిక్ క్లబ్బు ఈ మాటకు రాసుకున్న నిర్వచనం చూడండి. డబ్బు పందెంలో పాల్గొన్నవాడు అమెచ్యూర్ కాడు. ఆటలు నేర్పి బతికేవాడు కాడు. అక్కడితో ఆగలేదు. మెకానిక్కు, చేతిపనివాడు, కూలివాడు కూడా కాడు! ఒక్క పైసా తీసుకోకపోయినా సరే. ఒళ్ళు వంచి పనిచేసేవాడికి కండబలం ఎక్కువ ఉంటుంది, కనుక పోటీ న్యాయంగా ఉండదని సాకు. దొరబిడ్డలు చాకలివాడి చేతిలో ఓడిపోతే పరువు పోతుందన్నది అసలు కారణమని నా అనుమానం. 1880లో వచ్చిన కొత్త అథ్లెటిక్ సంఘం ఈ కూలివాడి మాటను కొట్టేసింది. హెన్లీ పడవ పందేల పెద్దలు మాత్రం 1879లో రాసుకుని 1930ల దాకా పట్టుకు వేలాడారు.

నేను ఇంజనీరింగు చదివినవాణ్ణి. నిర్వచనం కనిపిస్తే దాన్ని పరీక్షించకుండా ఉండలేను. మా బాపును పెట్టి చూశాను. సైకిలు తొక్కి బతికాడు. కాయకష్టం చేశాడు. ఫెయిలు. నన్ను పెట్టి చూశాను. కుర్చీలో కూర్చునే పని, చెమట పట్టదు. పాసు. ఒక తరంలో మా ఇంట్లో జరిగిన మార్పు ఏమిటని ఎవరైనా అడిగితే ఇంతకంటే పొట్టిగా చెప్పలేను.

కూలివాణ్ణి ఆపడానికి ఇంగ్లండులో వృత్తి ఉపయోగపడితే, అమెరికాలో రంగు ఉపయోగపడింది. 1894లో లూయీవిల్‌లో జరిగిన సభలో లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్ తన సభ్యత్వం తెల్లవాళ్ళకే అని తీర్మానించుకుంది. ఆ రోజుల్లో ఇండియానాపొలిస్‌లో మార్షల్ టేలర్ అనే నల్ల కుర్రవాడు ఉండేవాడు. సైకిలు షాపు ముందు సిపాయి దుస్తులు వేసుకుని విన్యాసాలు చేసేవాడు కనుక "మేజర్" అని పేరు పడింది. 1896 డిసెంబరులో, పద్దెనిమిదేళ్ళకు, న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆరు రోజుల పందెంలో దిగాడు. పగలూ రాత్రీ గుండ్రంగా తొక్కడమే. 1732 మైళ్ళు తొక్కి ఎనిమిదోవాడిగా నిలిచాడు.

ఇది చదువుతుంటే నాకు మా ఊరి బస్టాండు గుర్తొచ్చింది. నా వయసువాళ్ళకు తెలిసే ఉంటుంది. ఎక్కడినుంచో ఒక సైకిలాయన వచ్చేవాడు. ఏడు రోజులు సైకిలు దిగకుండా తొక్కుతానని మైకులో చెప్పేవారు. నడుమ ఒక గుంజ, గుంజకు ట్యూబులైటు, దాని చుట్టూ ఆయన. స్నానం సైకిలు మీదే, పళ్ళు తోముకోవడం సైకిలు మీదే, అన్నం సైకిలు మీదే. రాత్రి సినిమా పాటలు పెట్టి రెండు చేతులూ వదిలి డాన్సు చేసేవాడు. ఆఖరు రోజు మెడలో రూపాయి నోట్ల దండలు. మేం పిల్లలం నిద్రపోయేటప్పుడు దొంగతనంగా దిగుతాడేమోనని రాత్రి పూట వెళ్ళి చూసేవాళ్ళం. దిగేవాడు కాదు, మేం చూసినప్పుడు. బాపు ఒకసారి తన జేబులోంచి అయిదు రూపాయలు తీసి ఇచ్చాడు. బాపు అయిదు రూపాయలు అలా ఇవ్వడం నేను మళ్ళీ చూడలేదు. "ఆడు తొక్కుతున్నడు, నేను తొక్కుత. నాకెర్క ఆని నొప్పి" అన్నాడు.

టేలర్ కథ మా దేశందాకా వచ్చింది. 1899 ఆగస్టులో ప్రపంచ సైకిలు పోటీలు మాంట్రియల్‌లో జరిగాయి. ఒక మైలు పందెంలో ఆయన ప్రపంచ విజేత అయ్యాడు. ప్రపంచ విజేత అయిన నల్లవాళ్ళలో ఆయన రెండోవాడు. మొదటివాడు బాక్సరు జార్జి డిక్సన్, హాలిఫాక్స్‌లో పుట్టినవాడు. స్వదేశంలో పందెం మధ్యలో తోసేసేవాళ్ళు, బెదిరించేవాళ్ళు, కొన్ని ఊళ్ళల్లో దిగనివ్వనేలేదు. చివరికి డబ్బంతా పోయి 1932లో చికాగోలో దిక్కులేకుండా పోయాడు, బీదల శ్మశానంలో పాతిపెట్టారు. 1948లో పాత పందెగాళ్ళు కొందరు కలిసి, సైకిళ్ళ కంపెనీ యజమాని ఫ్రాంక్ ష్విన్ ఇచ్చిన డబ్బుతో, ఆయన్ను మంచిచోటికి మార్చి రాయి వేయించారు. ఆ లీగు వారసులు 1894 తీర్మానం తప్పని అధికారికంగా ఒప్పుకున్నది 1999లో.

ష్విన్ పేరు గుర్తుంచుకోండి, కొండ సైకిలు అక్కడినుంచే వస్తోంది. ఆ కంపెనీ 1933లో లావుపాటి బెలూను టైర్లతో పిల్లల సైకిళ్ళు చేసింది. నలభై ఏళ్ళ తరువాత కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మరీన్ కౌంటీలో, జుట్టు పెంచుకున్న కుర్రవాళ్ళు కొందరు ఈ పాత ష్విన్ ఎక్సెల్సియరు సైకిళ్ళను చవగ్గా కొని, కొండల మీద అగ్గి మంటలార్పే బండ్ల కోసం వేసిన మట్టి దారుల్లో దిగడం మొదలుపెట్టారు. 1976 అక్టోబరు 21న ఎవడు వేగంగా దిగుతాడో తేల్చుకుందామని గడియారం పట్టుకుని నిలబడ్డారు. రెండు మైళ్ళలో 1300 అడుగుల దిగుడు. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఒక్కటే ఆధారం. కిందికి చేరేసరికి హబ్బులోని గ్రీజు కాలి పొగై పోయేది, మళ్ళీ గ్రీజు కూరుకోవాలి. అందుకే ఆ పందేనికి "రీప్యాక్" అని పేరు. ప్రవేశ రుసుం లేదు, నిర్వచనం లేదు, ఎవడి కులగోత్రాలూ ఎవడూ అడగలేదు. మరుసటి ఏడే జో బ్రీజ్ ఇందుకోసం ప్రత్యేకంగా ఫ్రేములు చేశాడు. 1979లో గారీ ఫిషరు, చార్లీ కెల్లీ కలిసి, టామ్ రిచీ చేసిన ఫ్రేములతో మౌంటెన్‌బైక్స్ అనే వ్యాపారం పెట్టారు.

1990లో మొదటి అధికారిక ప్రపంచ పోటీలు కొలరాడోలోని డురాంగోలో జరిగాయి. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో కొండ సైకిలుకు చోటు దొరికింది. అప్పటికి వరసగా రెండేళ్ళు ప్రపంచ విజేత అయిన మన కెనడా అమ్మాయి ఆలిసన్ సైడర్ రజతం తెచ్చింది. నాకు వింతగా తోచిన విషయం ఇంకొకటి. డబ్బు తీసుకుని తొక్కే ప్రొఫెషనల్ సైకిలు వీరులను ఒలింపిక్స్‌లోకి మొదటిసారి రానిచ్చింది కూడా అదే 1996లో. అంటే కొండ సైకిలు ఒలింపిక్స్‌లో అడుగుపెట్టిన రోజుకే అమెచ్యూరు గోడ కూలిపోయి ఉంది. ఇప్పుడు ఆ మాట మాలాంటి వాళ్ళకు మిగిలింది, కాస్త హేళనగా.

చక్రాల సంగతి కూడా చెప్పకపోతే నా ఇంజనీరింగు డిగ్రీ ఊరుకోదు. ష్విన్ బెలూను టైరు వారసత్వంగా కొండ సైకిళ్ళకు ముప్ఫై ఏళ్ళపాటు 26 అంగుళాల చక్రాలే ఉండేవి. రిమ్ము కొలత 559 మిల్లీమీటర్లు. పెద్ద చక్రమైతే వేర్లూ రాళ్ళూ సులువుగా దాటుతుందని తెలుసుకుని, ఇప్పుడు 29 అంటున్నారు. దాని రిమ్ము 622. దీన్ని షాపులో గొప్పగా చెప్పి నాకు అమ్మారు. ఇంటికొచ్చి చూసుకుంటే బాపు హెర్క్యులెస్ లాంటి 28 అంగుళాల పాత సైకిళ్ళ రిమ్ము 635. నా కొత్త సైకిలు రిమ్ము కంటే బాపు రిమ్ము పదమూడు మిల్లీమీటర్లు పెద్దది! చెరువు గట్ల మీద ఆయన ఊరికే నెగ్గుకురాలేదు.

ఇక ఈడీ సంగతి. పల్లెల్లో పూర్తి జీతం ఇచ్చి పోస్టుమానును పెట్టేంత పని ఉండదని బ్రిటిషు వాళ్ళు కనిపెట్టిన పద్ధతి ఇది. ఊళ్ళో ఉన్న బడిపంతులో, కొట్టువాడో, రైతో తీరిక వేళల్లో కొన్ని గంటలు తపాలా పని చూసుకుంటాడు. అతనికి వేరే ఆదాయం ఉండి తీరాలన్నది నియమం. రోజుకు అయిదు గంటలకు మించని పనిగా లెక్క, జీతం కాదు భత్యం. 1977లో సుప్రీంకోర్టు వీళ్ళది కూడా ప్రభుత్వ పదవేనని తీర్పు చెప్పింది కానీ, రెగ్యులర్ ఉద్యోగుల లెక్కలోకి మాత్రం రాలేదు. 2001లో పేరు మారి గ్రామీణ డాక్ సేవకులయ్యారు. సేవకుడు అన్న మాట చూడండి. డబ్బు కోసం కాదు, తీరిక వేళల్లో, ప్రేమతో చేసేవాడన్నట్టు.

అంటే మా బాపు అమెచ్యూరు! కాగితం మీద. ఒక దేశం నిబంధన ప్రకారం ఆయన కష్టజీవి కనుక ఆడడానికి పనికిరాడు. ఇంకో నిబంధన ప్రకారం ఆయన చేసేది పూర్తి కష్టమే కాదు. రెంటికీ నడుమ ఆయన సైకిలు తొక్కుతూనే ఉన్నాడు. అరవై అయిదేళ్ళకు దిగాడు. ఆయన ఈ విషయంలో ఎప్పుడైనా బాధపడ్డాడా అంటే నాకు తెలియదు, నేను అడగలేదు. పిల్లల ఫీజులు కట్టడమెట్లా అన్నదే ఆ ఇంట్లో ఎప్పుడూ నడిచిన మాట.

పందెం రోజు పొద్దున్నే వాన పడి ఆగింది. నలభై దాటినవాళ్ళ వర్గంలో ముప్ఫై మందిమి. ఆరు కిలోమీటర్ల అడవి దారి, మూడు చుట్లు. అందరి కాళ్ళూ నున్నగా గీసుకుని మెరుస్తున్నాయి, నావి తప్ప. ఒకాయన పళ్ళ డాక్టరట, ఒకాయన స్కూలు ప్రిన్సిపాలు, ఒకతను బస్సు నడుపుతాడు. గోధుమరంగు మనిషిని నేనొక్కణ్ణే కానీ ఎవరూ పట్టించుకోలేదు. నా టైర్లలో గాలి ఎక్కువుందని చెప్పి తగ్గించింది ఆ బస్సు డ్రైవరే. తడి వేరు మీద గట్టి టైరు జారుతుంది, మెత్తటిది పట్టుకుంటుంది.

ఈల వేయగానే అందరూ దూసుకుపోయారు. రెండు నిమిషాల్లో గుండె చెవుల్లో కొట్టుకుంది. నేను సాధన చేసింది ఒంటరిగా, పందెంలో వెనకవాడి ఊపిరి మెడ మీద తగులుతుంటే బుర్ర పనిచేయదని ఎవరూ చెప్పలేదు. అడవిలో సూత్రం ఒక్కటే: ఎటు చూస్తే సైకిలు అటు పోతుంది. చెట్టును చూస్తే చెట్టుకే. మొదటి చుట్టులో నేను చెట్టును చూశాను. రెండో చుట్టులో దిగుడులో ముందు బ్రేకు గట్టిగా పట్టి, 1883 నాటి లండన్ పెద్దమనుషుల్లాగే ముందుకు బోర్లా పడ్డాను. మోచేయి చీరుకుపోయింది, గొలుసు ఊడింది. బురద చేతులతో గొలుసు ఎక్కిస్తుంటే ఎందుకో ఆ పని మాత్రం చాలా తేలిగ్గా వచ్చింది. పదేళ్ళ వయసులో బాపు సైకిలుకు రోజూ చేసిన పనే.

మూడో చుట్టులో నా వెనక ఎవరూ లేరు, ముందూ లేరు. ఆఖరు ఎక్కుడు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. దిగి నెట్టుకుంటూ నడిచాను. అక్కడ నిలబడ్డ ముసలి వలంటీరు గంట మోగించి "బాగుంది, బాగుంది" అని అరిచింది. ఆవిడ ఇంటికి వెళ్ళడానికి నా కోసమే ఆగిందని నా అనుమానం. ముప్ఫై మందిలో ఇరవై ఏడోవాణ్ణి. మిగిలిన ముగ్గురూ మధ్యలో మానేశారు. మా ఆవిడ ఫోటో తీసింది. మా అబ్బాయి నా మెడలో బిళ్ళ చూసి "గెలిచావా నాన్నా?" అన్నాడు. అందరికీ ఇస్తారని చెప్తే వాడికి ఉత్సాహం పోయింది.

సాయంత్రం స్నానం చేసి, మోచేతికి మందు రాసుకుని ఫోను చేశాను. అక్కడ తెల్లవారుజాము, బాపు లేచే ఉన్నాడు. ఆ వేళకు లేవడం ఆయనకు సంచి దించేశాక కూడా పోలేదు.

"అయిందా పందెం?"

"అయింది బాపు."

"పడ్డవా?"

"రెండుసార్లు."

కొంచెంసేపు ఏమీ వినబడలేదు. తరువాత అడిగాడు.

"సైకిలుకేం గాలే గద?"